గడప దాటని లెన్సు

"ఇంకొక్కసారి చెప్పరా. బిడ్డను సూసినావా, బిడ్డ తల్లిని సూసినావా?"

కుప్పమ్మ అడగడం ఇది నాలుగోసారి. ముంగిట్లో నిలబడి, వీధి వాకిలి బార్లా తెరిచిపెట్టి, ఎదురింటివాళ్లకు చెవులు రిక్కించే కష్టం లేకుండా అడిగింది.

పెద్దకొడుకు దేవరాజులు ముంగిటి స్తంభానికి ఆనుకొని నిలబడి ఉన్నాడు. అతని కెమెరా రుబ్బురోలు పక్కన పడి ఉంది. వెనుక మూత ఊడి వేలాడుతోంది. లోపలి ఫిల్మంతా పేగులా బయటికొచ్చి ఎండలో చుట్టలు తిరిగిపోయింది. దాన్ని పీకిపారేసినవాడు తమ్ముడు చిన్నబ్బ.

"నోటి నిండా అన్నా అన్నా అని పిలుస్తా ఉంటినే నిన్ను. శ్రీహరికోటలో రాకెట్టును సూసేదానికి పెట్టుకుంటారంట ఇంత పొడుగు గొట్టాన్ని. నువ్వు నా పెండ్లాం బిడ్డకు పాలిస్తా ఉంటే సూసేదానికి తెచ్చుకుంటివా?"

"చిన్నబ్బా, మాట మీరొద్దు."

"మాటే గదా మీరినా. నువ్వేం మీరినావో ఆలోచించుకో."

"గడప గూడా తొక్కలేదురా నేను. మైలని చెప్పి ఈ స్తంభం కాడనే నిలబడుకోనుంటిని."

"అదే గదా నేననేది! గడప తొక్కినోడైతే ఎవురికైనా కనపడి ఉండు. అరిసి ఉందురు. నువ్వు కనపడకుండా సూసేదానికే గదా ఇంత దూరంలో నిలబడింది?"

గడప దాటకపోవడమే మర్యాద అని దేవరాజులు అనుకున్నాడు. ఆ మర్యాదే ఇప్పుడు అతని మెడకు చుట్టుకుంది.

పురిటింటి తలుపు వేసి ఉంది. కాన్పయి తొమ్మిదో రోజు. పదకొండో రోజు స్నానం అయ్యేదాకా మగవాడు ఆ గడప దాటకూడదు. లోపల చిన్నబ్బ భార్య మునిరత్నమ్మ వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆమెకు ఇది మూడో కాన్పు. మూడోసారీ మగబిడ్డే.

ముంగిటికి అవతలి పక్క, తమ వాటా గుమ్మంలో, దేవరాజులు భార్య భారతమ్మ నిలబడి ఉంది. పెళ్లయి పదిహేనేళ్లు. పిల్లలు లేరు. ఆమె కంట పడితే బిడ్డ పాలు కక్కుతాడని కుప్పమ్మ మొదటి రోజే చెప్పేసింది. ఆ బిడ్డను ఆమెకే పెంపకానికి ఇస్తామని, అయిదు నెలల కింద తిరుచానూరులో అమ్మవారి ఎదుట కర్పూరం ఆర్పి ప్రమాణం చేసింది కూడా ఈ కుప్పమ్మే. ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి ఎలా వచ్చాయని అడిగే మనిషి ఆ ఇంట్లో లేడు.

"మీ గురప్ప మామకు కబురు పంపినా. పన్నెండు గంటల బస్సుకు కార్వేటినగరం నుంచి వస్తాడు" అంది కుప్పమ్మ. "ఆయనొచ్చి తేల్చేదాకా ఎవురూ కదలగూడదు. నువ్వు కూడా, మే!"

ఆ చివరి మాట కోడలికి. భారతమ్మ కదలలేదు.

*

మొన్న మంగళవారం మండీలో బెల్లం తూకాలు గుమాస్తాకు అప్పజెప్పి, దేవరాజులు తిరుపతికి వెళ్లాడు. గాంధీ రోడ్డు సందులో ఎల్లప్ప స్టూడియో. ఎల్లప్ప ఫొటోలు తీస్తాడు, పాత కెమెరాలు కొంటాడు, అమ్ముతాడు, తనకు నచ్చిన మనిషి వస్తే పని మానేసి మాట్లాడతాడు.

"ఏమప్పా, బెల్లం దిమ్మెల ఫొటోలు తీసి తీసి మొగం మొత్తిందా?"

"చంటిబిడ్డను తియ్యల్ల ఎల్లప్పా. ఏ లెన్సు పెట్టుకుంటే బాగుంటాది?"

ఎల్లప్ప నల్లగుడ్డ పరిచి మూడు లెన్సులు వరసగా పెట్టాడు.

"ఇదిగో, ఈ కురచది. వైడంటారు. ఇరుకు గదిలో గూడా అవ్వ, తాత, మనవళ్లు, అందరూ పడతారు. కానీ బిడ్డ మొగం కాడికి పెట్టినావనుకో, ముక్కు ఉర్లగడ్డంత అవుతాది. కన్నతల్లే జడుసుకుంటాది."

"అది వద్దులే."

"ఇది నీ కెమెరాతో వచ్చిందే, యాభైది. చంటిబిడ్డకు దీన్ని మించింది లేదు. గదిలో ఉండే వెలుతురే దీనికి చాలు, ఫ్లాషు కొట్టి బిడ్డ కండ్లు చెడగొట్టే పనిలేదు. కాకపోతే దగ్గిరికి పోవల్ల. తల్లి పక్కన చాపేసుకొని కూర్చోవల్ల. వాడు నిద్రపోతాడు, లేస్తాడు, నీ దిక్కు సూస్తాడు. అప్పుడు తియ్యల్ల."

"దగ్గిరికి పోయేదానికి లేదప్పా. పురిటిల్లు."

"పదకొండో దినం స్నానమయినాక పో. ఎవురు కాదంటారు?"

దేవరాజులు ఆ లెన్సును వెనక్కి జరిపాడు. "నా పెండ్లాం అంతవరకు ఆగలేకుండా ఉండాది. వాని మొగం గూడా చూడనియ్యలేదు ఆమెను. కడుపు పండనిదంట, కండ్లు మంచివి కాదంట. రేపు వానికి తల్లి కావల్సిన మనిషి ఆమె. మా అమ్మ మొన్నట్నుంచి కర్పూరం మాటే ఎత్తడం లేదు. ఇస్తారో ఇయ్యరో. ఇయ్యకపోతే, ఒక బొమ్మైనా మిగులుతాది గదా ఆమెకు."

ఎల్లప్ప మూడోది తీసి చేతిలో పెట్టాడు. జానెడు పొడుగు, బరువు. "అయితే ఇది, నూట ముప్పై అయిదు. ముంగిట్లో నిలబడుకొని కిటికీలోంచి తీసినా మొగం నిండుగా వస్తాది. చెయ్యి కదిలితే మాత్రం పోయిందే. స్తంభానికి ఆనించుకో. ఇంగోటి, ఇంట్లో చెప్పి తియ్యి. దగ్గిర కూర్చున్నోన్ని వాళ్లు సూస్తా ఉంటారు. ఇంత దూరంలో ఉండేవోడు సూస్తా ఉండేది వాళ్లకు తెలీదు."

"నేను ఇంటోణ్నే గదప్పా."

"ఇంటోళ్లకే చెప్పల్ల" అన్నాడు ఎల్లప్ప.

దేవరాజులు చేతి గడియారం తీసి ఎల్లప్ప బల్ల మీద తాకట్టుగా పెట్టి లెన్సు తెచ్చుకున్నాడు. ఇంట్లో చెప్పలేదు. చెప్తే తియ్యనివ్వరు. పుట్టెంటికలు కొండకు ఇయ్యకముందే ఫొటో తీస్తే బిడ్డకు ఆయుస్సు తరుగుతుందని కుప్పమ్మ మునుపటి ఇద్దరినీ తియ్యనివ్వలేదు. భార్యకు మాత్రమే చెప్పాడు.

ఈ పొద్దున తొమ్మిది గంటలప్పుడు పురిటింటి కిటికీలోంచి ఎండ లోపలికి పడింది. మంత్రసాని సుబ్బులమ్మ బిడ్డకు నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, చేటలో మెత్తటి చీరగుడ్డ వేసి పడుకోబెట్టింది. కుప్పమ్మ వెనుక పెరట్లో ఉంది. దేవరాజులు స్తంభానికి ఆనుకొని, కెమెరా సరిచేసి, పక్కకు జరిగాడు.

"ముందు నువ్వు సూడు" అన్నాడు భార్యతో.

భారతమ్మ కెమెరాలో కన్ను పెట్టింది. ఎంతసేపు చూసిందో ఇద్దరికీ తెలియదు.

"ఎంత దగ్గిరికి వచ్చినాడయ్యా" అంది గొంతులోనే. "చెయ్యి చాపితే తగులుతాడు."

తర్వాత అతను చూశాడు. రింగు తిప్పి, మబ్బుగా ఉన్నది తేటగా అయ్యేదాకా తిప్పి, ఊపిరి బిగబట్టాడు. సరిగ్గా అప్పుడే బిడ్డ ఏడ్చాడు. మునిరత్నమ్మ వంగి వాణ్ని ఎత్తి రొమ్ముకు అందించింది. కన్ను తీసేయాలని దేవరాజులుకు తోచేలోపే వేలు మీట నొక్కేసింది. ఆ చప్పుడుకు మునిరత్నమ్మ తలెత్తింది.

తర్వాతి కేక వీధి చివరిదాకా వినిపించింది.

*

గురప్ప బస్సు దిగి, కాళ్లు కడుక్కొని, మజ్జిగ తాగి, ఆకువక్క వేసుకొని, అప్పుడు అడిగాడు. తొందరపడని మనిషి. తొందరపడనందుకే అతనికి పెద్దమనిషి అని పేరు.

"బొమ్మ యాడ?"

చిన్నబ్బ ముంగిట్లో పడున్న ఫిల్ము చూపించాడు.

"కడిగి సూసింటే తేలిపోయి ఉండు గదరా. బిడ్డ మొగం పడిందా, ఇంకేమన్నా పడిందా అనేది."

"మామా, నా పెండ్లాం ఉండే ఫిల్మును ఎవుడో కడిగి, తీగకు ఆరేసి, సూడల్లనా?"

"అది గూడా నిజమే" అన్నాడు గురప్ప. దేవరాజులును నిర్దోషి అని చెప్పగలిగినది ఆ ఫిల్మొక్కటే అని అందరికీ తెలుసు. చిన్నబ్బకు ఇంకా బాగా తెలుసు. "ఏమిరా దేవరాజులూ, నువ్వేమంటావు?"

"బిడ్డను తియ్యబోయినా మామా. ఆమె ఎత్తుకునింది. అంతే."

"అంతే అని నువ్వు చెప్తావు. కాదు, సూస్తా ఉన్నాడని మునిరత్నమ్మ చెప్తాది. నేను యాడని నిలబడల్ల?" గురప్ప ముంగిలి మూలకు ఎర్రగా ఉమ్మి వచ్చి కూర్చున్నాడు. "ఇది కర్పూరం ఆర్పిన ఇల్లు. ఇచ్చేవాళ్లు మనసు మార్చుకొని ఇయ్యం అంటే, ఆ పాపం ఇచ్చేవాళ్లది. బిడ్డకు తగులుతాది. పుచ్చుకునే తావున తప్పు ఉండాదనుకో, అప్పుడు కర్పూరానికి కట్టు లేదు."

చిన్నబ్బ తల్లి వైపు చూశాడు. కుప్పమ్మ కొంగు సర్దుకుంది. ఆ ఇంట్లో పొద్దుటి నుంచి జరిగిన అరుపులన్నీ ఈ ఒక్క మాట కోసమే అని దేవరాజులుకు అప్పుడు అర్థమైంది. బిడ్డను ఇవ్వడం వాళ్లకు ఇష్టం లేదు. ఇవ్వం అని చెప్పే ధైర్యమూ లేదు. అతను కెమెరా పట్టుకొని వాళ్లకు దారి చూపించాడు.

"తప్పు ఉండాదా లేదా అని చెప్పగలిగిన మనిషి ఇంగొకతే" అన్నాడు గురప్ప. "భారతమ్మా, నువ్వు పక్కనే ఉన్నావంట గదమ్మా?"

భారతమ్మ నోరు తెరిచేలోపే కుప్పమ్మ లేచింది. "దానికి పొద్దున్నుంచి పచ్చి నీళ్లు గూడా లేవు తమ్ముడా. రెండు ముద్దలు తిననీ. తిని చెప్తాది."

*

వంటింట్లో కుప్పమ్మ పీట వాల్చింది. పదిహేనేళ్లలో అత్త చేత్తో కోడలికి పీట వాల్చడం అదే మొదలు. సంగటి ముద్ద పెట్టింది. మధ్యలో గుంట చేసి నెయ్యి పోసింది.

"తిను."

"సయించదు అత్తా."

"బిడ్డను సాకల్సిన దానివి. తినకుంటే యాడికి చాలుతావు?"

భారతమ్మ చెయ్యి ముద్ద మీదే ఆగిపోయింది.

కుప్పమ్మ ఎదురుగా కూర్చుంది. గొంతు తగ్గించింది. "సూడు. నేను కర్పూరం ఆర్పింది నీకు గూడా. ఒక్క వానికే కాదు. ఇప్పుడు వాడిట్లా చేసుకున్యాడు. నువ్వు వానితో కలిసి లేదు లేదు అంటే ఏమవుతాది? మొగుడూ పెండ్లాం ఒకటై అబద్ధమాడినారని చిన్నబ్బ మీ ఇద్దర్నీ కలిపి బయట పెడతాడు. బిడ్డ మాట దేవుడెరుగు, బిడ్డ నీడ గూడా నీకు దొరకదు."

"ఆయన ఏమీ..."

"నన్ను చెప్పనీ. నువ్వు నిజం చెప్పినావనుకో, తప్పు వాడొక్కనిది. వాడు పొయి మండీలో పండుకుంటాడు. బెల్లం ఉండాది, చీమలు ఉండాయి, వానికి తోడు. నువ్వు ఈడనే ఉంటావు. ఎల్లుండి స్నానం అవుతూనే బిడ్డను నీ ఒళ్లో పెడతా."

"మునిరత్నమ్మ ఒప్పుకుంటాదా?"

"నేను పెట్టినాక కాదనేదానికి దాని అబ్బ ఇల్లా ఇది?"

భారతమ్మ ముద్దను వేళ్లతో కెలికింది. తినలేదు. "అత్తా, ఆయన సూడలేదు. ఆ గొట్టంలో ముందు సూసింది నేను. నాకోసరం తెచ్చినాడు దాన్ని."

"నాకు తెలియదా?" అంది కుప్పమ్మ.

ఆ మాటను ఆమె ఎంత మామూలుగా అన్నదంటే, భారతమ్మ తలెత్తి చూడవలసి వచ్చింది.

"వాణ్ని కన్నది నేను. వానికి ఆడదాన్ని సూసేంత తెలివి యాడిది? ఉంటే నీ కడుపు పండకుండా ఉండునా?" కుప్పమ్మ నెయ్యి గిన్నె మూత పెట్టింది. "పదైదేండ్లు వానికి నువ్వు వండి పెడితివి, గుడ్డలు ఉతికితివి. వాడు నీకేమిచ్చె? ఒక ఫిల్ము. అది గూడా ఎండకు పాయె. నేను బిడ్డనిస్తా ఉండా. కాగితం మీద బొమ్మను కాదు. ఏడ్చేదాన్ని, తడిపేదాన్ని. నీకేది కావల్నో నువ్వే సూసుకో."

గోడ అవతల బిడ్డ ఏడ్చాడు. ఆకలేడుపు. అది ఆగిపోయేదాకా భారతమ్మ విన్నది. తర్వాత లేచి చెయ్యి కడుక్కుంది.

*

ముంగిట్లో నీడ గోడ దాకా జరిగింది. గురప్ప నులక మంచం మీద, చిన్నబ్బ అరుగు మీద. దేవరాజులు పొద్దుట నిలబడిన స్తంభం దగ్గరే నిలబడి ఉన్నాడు. భార్య రావడం చూసి అతని ముఖం కొంచెం తేటపడింది. తనవైపు చెప్పే మనిషి వచ్చిందనుకున్నాడు. ఇంత జరిగినా మనుషుల్ని చదవడం అతనికి రాలేదు.

"చెప్పమ్మా" అన్నాడు గురప్ప. "అమ్మవారిని తలుచుకొని చెప్పు. నీ మొగుడు సూసినాడా?"

భారతమ్మ పురిటింటి తలుపు వైపు చూసింది.

"చెప్పు వదినా" అన్నాడు చిన్నబ్బ. "భయమేల?"

"చెప్పు" అన్నాడు దేవరాజులు కూడా. "ఉన్నదున్నట్టు చెప్పు."

"సూసినాడు."

గురప్ప నోట్లో ఆకు నమలడం ఆగింది.

"బిడ్డను సూసినాడా, తల్లినా?"

"తల్లిని." ఆమె గొంతు తడబడలేదు. ఒకసారి మొదలుపెట్టాక ఆగడం చేతకానిదానిలా ఇంకో మాట కూడా కలిపింది. "వద్దయ్యా అంటిని. ఇనలేదు."

దేవరాజులు భార్యను చూశాడు. తిడతాడనుకున్నారు. కొడతాడని గురప్ప మంచం మీది నుంచి కాలు కింద పెట్టాడు కూడా. అతను మాత్రం "సరే" అన్నాడు. వంగి కెమెరా తీసుకోబోయి, మళ్లీ ఏమనుకున్నాడో, దాన్ని అక్కడే వదిలేసి తమ వాటాలోకి వెళ్లిపోయాడు.

గురప్ప గొంతు సవరించుకున్నాడు. "తప్పు తేలింది. పుచ్చుకునే ఇంట్లోనే తేలింది. ఇంగ కర్పూరానికి కట్టు లేదు. బిడ్డ యాడ పుట్టినాడో ఆడనే పెరుగుతాడు."

భారతమ్మ తలెత్తింది. "నాకు... అత్తా, నాకు గదా?"

"నీకేంది?" అంది కుప్పమ్మ.

"ఎల్లుండి ఒళ్లో పెడతానంటివే. వంటింట్లో. ఇప్పుడేగదా."

"నేనేమంటిని? ఉన్నది చెప్పమ్మా అంటిని. నువ్వు చెప్పినావు. పుణ్యం." కుప్పమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "సూడు తమ్ముడా, ఆశ. మొగుడు పొయినాడని గూడా లేదు, బిడ్డ కావాలంట."

పురిటింటి తలుపు రెక్క తెరుచుకుంది. మునిరత్నమ్మ గడప లోపలే నిలబడింది. బిడ్డ ఆమె భుజం మీద ఉన్నాడు. తలగుడ్డ జారి వాడి చెవి ఒకటి కనిపిస్తోంది. అద్దం లేకుండా, గొట్టం లేకుండా భారతమ్మ వాణ్ని చూడటం అదే మొదటిసారి. ఆమె చేతులు వాటంతటవే ముందుకు లేచాయి.

"ఇయ్యి మునిరత్నా. ఒక్కసారి ఇయ్యి."

మునిరత్నమ్మ బిడ్డ తలను కొంగుతో కప్పింది.

"బావ నన్ను సూడలేదని నాకు తెలుసక్కా" అంది. కోపం లేదు ఆ గొంతులో. అలసట ఉంది. "నేను అరిసింది భయానికి. నా బిడ్డను మీకు ఇచ్చేస్తారే అని భయం. ఆ భయానికి నేను అబద్ధమాడినా. నువ్వెందుకు ఆడినావు?"

"నీ బిడ్డ కోసరమే."

"నా బిడ్డ కోసరం కట్టుకున్నోన్ని వీధిలో పెట్టినావు. రేపు ఇంకెవురైనా ఇంకేమన్నా ఇస్తామంటే వీణ్ని యాడ పెడతావో." ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "తల్లినై అడుగుతా ఉండా. నేనెట్లా ఇస్తా నీకు?"

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

చిన్నబ్బ లేచి అంగీ దులుపుకొని మండీకి బయలుదేరాడు. గురప్ప నాలుగు గంటల బస్సు ఉందా లేదా అని అడుగుతున్నాడు. కుప్పమ్మ చీపురు తెచ్చి ముంగిలి ఊడ్వడం మొదలుపెట్టింది. భారతమ్మ కాళ్ల దగ్గరికి వచ్చి, "కొంచెం జరుగు" అంది. మిగిలిన చెత్తతో పాటు ఫిల్మును కూడా ఊడ్చుకుపోయింది.

ఎదురింటి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు నవ్వుకుంటూ లేచి లోపలికి వెళ్లారు. చూసేది అయిపోయింది కాబట్టి.

భారతమ్మ ముంగిలి దాటి తమ వాటా దగ్గరికి నడిచింది. ఆ తలుపు పగలు మూసి ఉండటం ఆమె ఎన్నడూ చూడలేదు. తోసింది. కదలలేదు. అరచేత్తో తట్టింది. కాసేపు ఆగి మళ్లీ తట్టింది.

లోపల మంచం కిర్రుమంది.

"ఎవురది?"

"నేను."

అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చింది. అవతలి పక్కనే ఆగింది. గడియ మీద చెయ్యి పడిన శబ్దం ఆమెకు వినిపించింది. కానీ గడియ తీసిన శబ్దం రాలేదు.

"నేనంటే ఎవురు?" అన్నాడు దేవరాజులు.